రాగిరేకుపై పార్శ్వముఖం: సెయింట్ మెమిన్ లఘుచిత్రాలు

పంతొమ్మిదవ శతాబ్దపు తొలి దశకంలో అమెరికా తూర్పుతీర నగరాల సంపన్న కుటుంబాల వద్ద ఒక చిన్న వృత్తాకార చిత్రం ఉండేది. సుమారు రెండంగుళాల వ్యాసంలో, రాగిరేకుపై చెక్కి కాగితంపై అచ్చొత్తిన పార్శ్వముఖం అది. వీటిని రూపొందించిన షార్ల్ బల్తజార్ జూలియన్ ఫెవ్రె ద సెయింట్ మెమిన్ (1770-1852) ఫ్రాన్సులోని దిజోన్‌కు చెందిన ఉన్నత కుటుంబీకుడు. ఫ్రెంచి విప్లవం వల్ల స్వదేశం విడిచి, 1793లో అమెరికా చేరి, జీవనోపాధికై ఈ విద్యను స్వయంగా నేర్చాడు.

ఈ పద్ధతికి మూలం 1786 ప్రాంతంలో ఫ్రాన్సులో జిల్ లూయి క్రెతియాన్ రూపొందించిన ఫిజియోనోట్రేస్ యంత్రం. దాని సాయంతో ఎదుట కూర్చున్న వ్యక్తి ముఖరేఖ కాగితంపై అసలు పరిమాణంలో పడుతుంది. గులాబిరంగు పూసిన ఆ కాగితంపై నలుపు, తెలుపు సుద్దలతో చిత్రం పూర్తి చేసి, పాంటోగ్రాఫ్‌తో కుదించి రాగిరేకుపైకి ఎక్కించేవారు. యంత్రం గీసినది గనుక రూపం నిష్పాక్షికమని నాటివారు విశ్వసించారు. ఆ విశ్వాసం సగమే నిజం. యంత్రం ఇచ్చేది అంచు మాత్రమే. కన్ను, జుట్టు, చెంప మీది నీడ చేతిపనులే.

చిత్రమూ, రాగిరేకూ, పన్నెండు ప్రతులూ కలిపి పురుషులకు 25 డాలర్లు, స్త్రీలకు 35 డాలర్లు ఒక దశలో ధర. స్త్రీల కేశాలంకరణకు పట్టే శ్రమ ఈ తేడాకు కారణం కావచ్చు. 1804లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ చిత్రానికీ, రాగిరేకుకూ, 48 అదనపు ప్రతులకూ 29.50 డాలర్లు చెల్లించాడు. ప్రతులు బంధుమిత్రులకు పంచడానికి. ఈ ప్రక్రియ అసలు ప్రయోజనం అక్కడే ఉంది: ముఖం ఒక కానుకగా మారింది.

విశేషమేమంటే, ఈ ముద్రల అడుగున సాధారణంగా కనిపించేది చిత్రకారుని పేరే. కూర్చున్నవారి పేరు కాదు. గ్రహీతలకు ఆ ముఖం తెలుసు గనుక పేరు అవసరం లేకపోయింది. తరువాతి తరాలకు మాత్రం చిక్కు వచ్చింది. చిత్రకారుడు తనవద్ద ఉంచుకొన్న ప్రతుల సంపుటాలే నేటి గుర్తింపులకు ప్రధానాధారం. 1862లో న్యూయార్కులో ఎలియాస్ డెక్స్టర్ అటువంటి సుమారు 760 చిత్రాలను ఛాయాచిత్ర ప్రతులుగా ప్రకటించాడు.

ఇదే చేతి నుండి 1804-1807 మధ్య వాషింగ్టన్‌కు, తూర్పు నగరాలకు వచ్చిన ఒసేజ్ తదితర ఆదివాసి ప్రతినిధుల పార్శ్వచిత్రాలూ వెలువడ్డాయి. ఇవి ప్రధానంగా సుద్దచిత్రాలుగా, నీటిరంగు చిత్రాలుగా మిగిలాయి. వీటికి మూల్యం చెల్లించినవారు చిత్రితులు కారు. 1807లో మెరివెథర్ లూయిస్ తన యాత్రాగ్రంథం కోసం కొన్నిటికి 83.50 డాలర్లు ఇచ్చాడు. 1809లో అతడు మరణించేనాటికి ఆ గ్రంథం వెలువడనేలేదు.