వెనుకబడిన హాకీ జట్లు: పునర్నిర్మాణం ఎప్పుడు మేలు, ఎవరికి సాధ్యం?

వరుస ఓటములతో కుంగిన జట్టును విడదీసి మొదటి నుంచి కట్టుకోవడం మేలా, ఉన్న ఆటగాళ్లనే నమ్ముకొని కొనసాగడం మేలా అన్నది వృత్తి క్రీడా లీగ్‌లన్నింటా వినిపించే ప్రశ్న. హాకీ ఇండియా లీగ్‌లో విశాఖపట్నం జట్టుగా బరిలోకి దిగిన టీమ్ గోనాసిక ఒకే ఒక్క సీజన్ ఆడి తప్పుకోవడంతో ఈ ప్రశ్న తెలుగు అభిమానుల ముంగిటికి వచ్చింది.

అండమాన్ దీవుల తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో చాలామంది కుటుంబాల మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. విశాఖ రేవు నుంచి వచ్చే ఓడ ఆ బంధాన్ని నేటికీ నిలుపుతోంది. దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ తహసీల్‌కు చెందిన తుష్నాబాద్ వంటి గ్రామాల్లో జాతీయ స్థాయి హాకీని అనుసరించే సాధనాలు రేడియో, దూరదర్శన్, చేతిలోని ఫోనే. అటువంటి శ్రోతకు విశాఖ పేరుతో ఒక జట్టు రావడం ఎంత సంతోషమో, అది ఏడాది తిరగకుండానే కనుమరుగు కావడం అంత నిరాశ. వెనుకబడిన జట్టు కోలుకోవడానికి ఏమేం అవసరమో తెలుసుకుంటే ఆ నిరాశకు మూలం కూడా తెలుస్తుంది.

పునర్నిర్మాణం అంటే ఏమిటి?

క్రీడా పరిభాషలో పునర్నిర్మాణం అంటే తాత్కాలిక విజయాలను వదులుకొని భవిష్యత్తుపై పెట్టుబడి పెట్టడం. పేరున్న సీనియర్లను విడుదల చేసి, యువకులకు అవకాశమిచ్చి, రెండు మూడు సీజన్ల ఓటమిని భరించడానికి యాజమాన్యం ముందుగానే సిద్ధపడుతుంది. ఇందుకు భిన్నమైనది మరమ్మతు మార్గం. జట్టు వెన్నెముకను అలాగే ఉంచి, లోపమున్న ఒకటి రెండు స్థానాలను మాత్రమే సరిదిద్దుతారు. పెనాల్టీ కార్నర్లను గోల్స్‌గా మలచలేని జట్టు ఒక డ్రాగ్ ఫ్లిక్ నిపుణుడిని తెచ్చుకోవడం ఇటువంటిదే.

ఏ మార్గం సరైనదన్నది కోచ్ అభిరుచిని బట్టి తేలేది కాదు. ఆ లీగ్ నియమాలు ఓడిన జట్టుకు ఏమిస్తాయన్నదే ఇందులో కీలకం.

ఓటమికి ప్రతిఫలమిచ్చే పద్ధతి

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో ఆడేది ఐస్ హాకీ. అక్కడ కొత్తగా వచ్చే యువ ఆటగాళ్లను జట్లు ఏటా డ్రాఫ్ట్ అనే పద్ధతిలో వరుసగా ఎంచుకుంటాయి. పట్టికలో అట్టడుగున నిలిచిన జట్లకు లాటరీలో ముందు వరుస దక్కే అవకాశం ఎక్కువ. ఓటమికే అక్కడ ఒక ప్రతిఫలం ఉంది. పునర్నిర్మాణమనే ఆలోచన అక్కడ బలపడడానికి కారణం ఇదే.

దాని వల్ల మేలు పొందిన జట్టు కొలరాడో అవలాంచ్. 2016-17 సీజన్‌లో ఆ జట్టు 82 మ్యాచ్‌లలో 48 పాయింట్లు మాత్రమే సాధించి లీగ్‌లో చిట్టచివరి స్థానంలో నిలిచింది. లాటరీ అనుకూలించక తొలి అవకాశం చేజారినా, 2017 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికగా కేల్ మకార్ అనే డిఫెండర్‌ను తీసుకుంది. అంతకు ముందే జట్టులో ఉన్న నేథన్ మెకినన్ వంటి వారిని వదులుకోలేదు. ఐదేళ్ల తర్వాత, 2022లో, స్టాన్లీ కప్ గెలుచుకుంది.

అదే పద్ధతిని నమ్ముకొని దారి తప్పిన జట్టు బఫెలో సేబర్స్. 2018లోనూ 2021లోనూ డ్రాఫ్ట్ తొలి ఎంపిక ఆ జట్టుకే దక్కింది. అయినా 2011-12 నుంచి 2024-25 వరకు వరుసగా 14 సీజన్ల పాటు ప్లేఆఫ్ దశకు చేరలేకపోయింది. ఆ లీగ్ చరిత్రలో ఇంత సుదీర్ఘ వైఫల్యం మరొకటి లేదు. మంచి యువకులు చేతికందినా, వారిని తీర్చిదిద్దే స్థిరమైన శిక్షణ లేకపోతే ఫలితం ఉండదని ఈ ఉదాహరణ చెబుతోంది.

వేలంలో అందరిదీ ఒకే సంచి

మన హాకీ ఇండియా లీగ్‌లో డ్రాఫ్ట్ లేదు. ఆటగాళ్లను వేలంలో కొనుగోలు చేస్తారు. 2024 అక్టోబరులో న్యూఢిల్లీలో జరిగిన వేలంలో పురుషుల జట్లు ఒక్కొక్కటి ఖర్చు చేయగల మొత్తాన్ని 4 కోట్ల రూపాయలుగా నిర్ణయించారు. ప్రతి జట్టులో 24 మంది ఉండాలన్నది అప్పటి నియమం. వారిలో కనీసం 16 మంది భారతీయులు, ఆ భారతీయుల్లో తప్పనిసరిగా నలుగురు జూనియర్లు, మిగిలిన 8 మంది విదేశీయులు.

ఈ పద్ధతిలో చివరి స్థానంలో నిలిచిన జట్టుకు ప్రత్యేక రాయితీ ఏదీ లేదు. విజేత చేతిలోనూ పరాజిత చేతిలోనూ ఉండేది ఒకే పరిమాణం గల సంచి. కావాలని ఓడిపోయినా కలిసివచ్చేది శూన్యం. పైగా సీజన్ నిడివి నెల రోజుల పైచిలుకే. ఏడాదిలో మిగిలిన కాలమంతా ఆటగాళ్లు జాతీయ శిబిరాల్లోనో, రైల్వేలు, పెట్రోలియం సంస్థలు, సైనిక దళాలు, పోలీసు శాఖల జట్లలోనో ఉంటారు. కోచ్‌కు తన జట్టుతో గడిపే సమయం బహు స్వల్పం.

కాబట్టి భారతీయ హాకీలో పునర్నిర్మాణానికి ఉన్న సాధనాలు రెండే. ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని విడుదల చేయాలి అన్న నిర్ణయం మొదటిది. తక్కువ ధరకు దొరికే జూనియర్‌ను ముందుగా గుర్తించే చూపు రెండోది. ఈ రెండూ ఫలించాలంటే జట్టు వరుసగా కొన్ని సీజన్లు బతికి ఉండాలి.

కళింగ, ముంబై చెప్పే కథ

2013 నుంచి 2017 వరకు సాగిన తొలి దఫా హాకీ ఇండియా లీగ్‌లో ఇందుకు రెండు దృష్టాంతాలు కనిపిస్తాయి. కళింగ లాన్సర్స్ 2014లో లీగ్‌లో ప్రవేశించింది. ఆ ఏడాదిలోనూ, మరుసటి ఏడాదిలోనూ సెమీఫైనల్‌కు చేరలేదు. దాని వెనుక ఒడిశా ప్రభుత్వ రంగ సంస్థ ఇడ్కో, మహానది కోల్‌ఫీల్డ్స్ ఉన్నాయి. నష్టాలకు వెరచి యాజమాన్యం వెనుదిరగలేదు. జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫుర్స్‌టేను 1,05,000 డాలర్లకు కొని నాయకత్వం అప్పగించింది. 2016 ఫైనల్‌లో పంజాబ్ వారియర్స్ చేతిలో 1-6 తేడాతో చిత్తయినా జట్టును చెదరగొట్టలేదు. 2017లో కళింగ లాన్సర్స్ విజేతగా నిలిచింది.

ఆ ఫైనల్‌లో 4-1తో ఓడిన దబంగ్ ముంబైది మరో కథ. ముంబై తొలి జట్టు మెజీషియన్స్ రెండు సీజన్ల తర్వాత తప్పుకొంది. దాని స్థానంలో 2015లో వచ్చిన దబంగ్ ముంబై మొదటి రెండేళ్లలో సెమీఫైనల్ చూడలేదు. అయితే 2015 వేలంలో అప్పటికి యువకుడైన హర్మన్‌ప్రీత్ సింగ్‌ను 51,000 డాలర్లకు దక్కించుకుంది. ఆ తర్వాతి కాలంలో అతడే భారత జట్టు సారథి అయి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం అందించాడు. ఓపిక ఫలించి 2017లో ముంబై ఫైనల్ చేరింది. అంతలో లీగే ఆగిపోయింది. 2024 డిసెంబరులో లీగ్ తిరిగి మొదలైనప్పుడు ముంబై పేరుతో జట్టు లేదు. ఫలం చేతికందే వేళకు చెట్టే లేకుండా పోయింది.

హైదరాబాద్: సుల్తాన్స్ నుంచి తూఫాన్స్ దాకా

తెలుగు నేలకు వృత్తి హాకీ కొత్త కాదు. భారత హాకీ సమాఖ్య 2005లో ప్రారంభించిన ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్‌కు వేదిక హైదరాబాద్‌లోని గచ్చిబౌలి మైదానం. తొలి విజేత కూడా సొంతగడ్డపై ఆడిన హైదరాబాద్ సుల్తాన్స్. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడిన ముఖేశ్ కుమార్‌ను అందించిన నగరానికి అది తగిన గౌరవమే.

ఆ లీగ్ 2008తో ముగిసింది. ఆ ఏడాది మార్చిలో చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో ఓడి, 1928 తర్వాత తొలిసారిగా భారత హాకీ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయింది. ఏప్రిల్‌లో భారత ఒలింపిక్ సంఘం సమాఖ్యను సస్పెండ్ చేసింది. పాలనా సంక్షోభంలో లీగ్‌తో పాటు సుల్తాన్స్ కూడా అంతరించింది. 2012లో ఒకే సీజన్ జరిగిన వరల్డ్ సిరీస్ హాకీలో గానీ, 2013-17 మధ్య హాకీ ఇండియా లీగ్‌లో గానీ హైదరాబాద్‌కు స్థానం దక్కలేదు.

2024-25లో ఎనిమిది పురుషుల జట్లతో లీగ్ పునఃప్రారంభమైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ రంగంలోకి వచ్చింది. అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం అందించి, తర్వాత జర్మనీ తరఫున ఆడుతున్న గొంజాలో పెయ్యాత్‌ను 68 లక్షల రూపాయలకు కొనుగోలు చేసింది. ఆ వేలంలో విదేశీ ఆటగాళ్లలో అదే అత్యధిక ధర. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో రాఢ్ బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4 తేడాతో ఓడి రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ఇటువంటి జట్టుకు కావలసింది మరమ్మతే. వెన్నెముకను కాపాడుకుంటూ లోపాలను సరిచేసుకోవడమే దానికి తగిన మార్గం.

విశాఖ జట్టుకు దక్కని అవకాశం

అదే సీజన్‌లో టీమ్ గోనాసిక మన్‌ప్రీత్ సింగ్ వంటి ఒలింపియన్‌తో బరిలో దిగినా సెమీఫైనల్ చేరలేదు. కళింగ లాన్సర్స్ కూడా 2014లో సరిగ్గా ఇక్కడే ఉంది. కానీ గోనాసికకు రెండో సీజన్ రాలేదు. 2025-26లో ఆ స్థానం రాంచీ రాయల్స్‌కు వెళ్లింది. యూపీ రుద్రాస్ కూడా తప్పుకోగా, దాని ఆటగాళ్లతో లీగ్ పాలక మండలి స్వయంగా ఒక జట్టును నడపవలసి వచ్చింది.

ఇది ఓటమికి పడిన శిక్ష కాదన్న సంగతి గమనించాలి. గోనాసిక యాజమాన్యానికే చెందిన ఒడిశా వారియర్స్ 2025 జనవరిలో మహిళల లీగ్ తొలి టైటిల్ గెలుచుకుంది. మరుసటి సీజన్‌లో ఆ విజేత జట్టు కూడా లేదు. గెలిచిన జట్టు, ఓడిన జట్టు ఒకేసారి నిష్క్రమించాయంటే నిర్ణయించింది ఆట కాదు, ఆర్థికం.

విశాఖకూ ఆ జట్టుకూ మధ్య బంధం ఏర్పడే అవకాశమే కలగలేదు. గోనాసిక అన్న పేరు ఒడిశాలో వైతరణి నది పుట్టే చోటిది. 2024-25లో పురుషుల మ్యాచ్‌లు ప్రధానంగా రూర్కెలాలో జరిగాయి. 2025-26 సీజన్ చెన్నై, రాంచీ, భువనేశ్వర్ నగరాలకు పరిమితమైంది. తమ ఊరి జట్టు తమ ఊరిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోతే టికెట్ల ఆదాయం రాదు, స్థానిక ప్రకటనకర్తలు ముందుకు రారు, పిల్లలు స్టిక్ పట్టరు. అటువంటి జట్టు కష్టకాలంలో పడినప్పుడు వెన్నుదన్నుగా నిలిచే ప్రజలు ఉండరు.

ముందుగా కట్టవలసినది ఏది?

పునర్నిర్మాణం చేపట్టాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ అనుభవాల నుంచి వచ్చే సమాధానం స్పష్టం. కనీసం నాలుగు సీజన్ల నష్టాన్ని భరిస్తామని యాజమాన్యం హామీ ఇవ్వగలిగితే, యువకులతో కొత్తగా కట్టుకోవచ్చు. ఆ హామీ లేని చోట సీనియర్లను వదులుకోవడం ఉన్న గూడును కూల్చుకోవడమే. వేలం పద్ధతిలో ఓటమికి ప్రతిఫలం లేనందున, ఎక్కువ జట్లకు మరమ్మతు మార్గమే క్షేమం.

లీగ్ నిర్వాహకుల బాధ్యత కూడా తక్కువ కాదు. కొత్త యాజమాన్యం నుంచి బహువార్షిక పూచీ తీసుకోవడం, ప్రతి జట్టుకూ సొంత నగరంలో కొన్ని మ్యాచ్‌లైనా కేటాయించడం అవసరం. తెలుగు రాష్ట్రాల్లో వేదికలు లేవనడానికి వీల్లేదు. గచ్చిబౌలి మైదానం 2005లోనే వృత్తి లీగ్‌కు ఆతిథ్యమిచ్చింది. 2023లో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలు కాకినాడలో జరిగాయి.

ఒడిశా 2018 నుంచి జాతీయ జట్లకు ప్రాయోజకత్వం వహిస్తూ, 2018లోనూ 2023లోనూ పురుషుల ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చి, రూర్కెలాలో బిర్సా ముండా పేరిట బృహత్తర క్రీడాంగణం నిర్మించింది. సుందర్‌గఢ్ జిల్లా గిరిజన గ్రామాల నుంచి ఆటగాళ్లు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. ఆ నేలపై జట్టు తడబడినా మళ్లీ లేస్తుంది. చిత్తూరు ప్రాంతంలోని యనమలవారిపల్లె నుంచి భారత గోల్‌కీపర్‌గా ఎదిగిన ఇతిమరపు రజని వంటివారు తెలుగు పల్లెల్లోనూ ఆ సత్తా ఉందని నిరూపించారు. ఆమె వంటివారు పది మంది ఒకే ప్రాంతం నుంచి వచ్చేందుకు టర్ఫ్, శిక్షకుడు, పాఠశాల స్థాయి పోటీలు కావాలి.

విశాఖ పేరిట మళ్లీ ఒక జట్టు వస్తే, తుష్నాబాద్‌లోని శ్రోత మొదట అడగవలసిన ప్రశ్న ఎంత ఖరీదైన ఆటగాడిని కొన్నారని కాదు. ఎన్నేళ్లు ఉంటామని మాట ఇచ్చారు, విశాఖలో ఎన్ని మ్యాచ్‌లు ఆడతారు, స్థానిక కుర్రాళ్లు ఎందరికి చోటు ఇస్తారు అన్నవే అడగాలి. వీటికి సంతృప్తికరమైన జవాబు దొరికితే ఆ జట్టు మొదటి రెండేళ్లు ఓడినా అభిమానులు నిశ్చింతగా వేచి ఉండవచ్చు.