ఐరేనియస్ దుర్బోధల ఖండన

క్రీ.శ. 180 ప్రాంతంలో లియాన్ బిషప్ ఐరేనియస్ గ్రీకులో రాసిన ఐదు సంపుటాల గ్రంథాన్ని ‘దుర్బోధల ఖండన’గా వ్యవహరిస్తారు. జస్టిన్ మార్టిర్ అంతకుముందే ఇలాంటి రచన చేసినా అది దొరకలేదు. దాంతో ఈ కోవలో పూర్తిగా మిగిలిన తొలి రచన ఇదే అయింది. గ్రీకు మూలం ముక్కలుగానే నిలిచింది. మొత్తం పాఠం లాటిన్ అనువాదంలో ఉంది.

నేపథ్యం

ఐరేనియస్ చిన్నతనంలో స్ముర్న బిషప్ పోలికార్పు బోధ విన్నాడు. తర్వాత గాల్ దేశం (నేటి ఫ్రాన్స్) చేరి లియాన్ సంఘంలో పెద్ద అయ్యాడు. 177లో అక్కడ క్రైస్తవులపై హింస చెలరేగి బిషప్ పోతినుస్ చనిపోగా, ఆ బాధ్యత ఐరేనియస్ మీద పడింది.

అప్పటికే సంఘాల్లో రెండు బోధలు పాకుతున్నాయి. ఈ లోకాన్ని సృష్టించినవాడు పరమదేవుడు కాదని, రక్షణ రహస్య జ్ఞానం వల్లనే వస్తుందని వాలెంటినుస్ అనుచరుల వంటి జ్ఞానవాదులు చెప్పేవారు. మార్సియన్ అనే మరో బోధకుడు పాత నిబంధనను తోసిపుచ్చి, కత్తిరించిన లూకా సువార్తనూ పౌలు పత్రికలు పదింటినీ మాత్రమే ఉంచుకున్నాడు.

దుర్బోధ ఇళ్లలోకి ఎలా చొరబడుతుందో చూపడానికి ఐరేనియస్ మార్కుస్ అనే బోధకుడి సంగతి రాశాడు. అతను ద్రాక్షారసం కలిపిన గిన్నె పట్టుకుని దీర్ఘంగా ప్రార్థించి, అందులోని రసం ఎర్రబడేలా చేసేవాడు. కృప అనే దైవశక్తి తన రక్తాన్ని అందులో చిందించిందని నమ్మించేవాడు. రోన్ నదీ ప్రాంతపు స్త్రీలు ఎందరో అతని శిష్యుల మాటలకు మోసపోయారు. కొందరు బహిరంగంగా ఒప్పుకుని తిరిగి వచ్చారు. కొందరు సిగ్గుతో అటూ ఇటూ కాకుండా ఉండిపోయారు.

ఖండన పద్ధతి

మొదటి సంపుటం ప్రధానంగా ఎదుటివారి బోధను వివరిస్తుంది. దాచిన సిద్ధాంతాన్ని బయటపెట్టడమే దాని మీద గెలుపని ఆయన అభిప్రాయం. రెండో సంపుటం తర్కంతో, మిగతా మూడూ లేఖనాలతో వాదిస్తాయి. వాక్యాలు బైబిలువే అయినా కూర్పు మారితే అర్థం తలకిందులవుతుందని ఆయన హెచ్చరించాడు: నిపుణుడు రత్నాలతో పొదిగిన రాజు చిత్రాన్ని విప్పి, అవే రత్నాలతో నక్క బొమ్మ చేసి, ఇదే రాజు అన్నట్టు.

సరైన కూర్పును గుర్తించడానికి మూడు ఆధారాలు చూపాడు. మొదటిది, బాప్తిస్మంలో అందుకునే విశ్వాస నియమం: సృష్టికర్త అయిన ఏకదేవుడు, శరీరధారియైన క్రీస్తు, పరిశుద్ధాత్మ. రెండోది లేఖనాలు; సువార్తలు సరిగ్గా నాలుగేనని గట్టిగా వాదించినవారిలో మనకు తెలిసిన తొలి వ్యక్తి ఆయనే. మూడోది, అపొస్తలుల నుంచి బహిరంగంగా సాగిన బిషప్‌ల వరుస. రోమ్ సంఘంలో ఆ వరుసను తన కాలపు ఎలుతెరియస్ వరకు పేర్లతో ఇచ్చాడు. అపొస్తలులకు రహస్య బోధే ఉంటే, సంఘాలను అప్పగించినవారికే ముందు చెప్పేవారు కదా అన్నది ఆయన ప్రశ్న.

తర్వాతి పరిశీలన

1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో జ్ఞానవాదుల సొంత గ్రంథాలు కాప్టిక్ భాషలో దొరికే దాకా, వారి గురించి తెలుసుకోవడానికి పండితులకు ప్రధాన ఆధారం ఇలాంటి ప్రత్యర్థుల రచనలే. అక్కడ దొరికిన ‘యోహాను రహస్య గ్రంథం’లోని కథ ఐరేనియస్ వర్ణించిన ఒక సిద్ధాంతానికి చాలా దగ్గరగా ఉంది. అయితే ఆయన రాసింది వాదన కోసమని, ఎగతాళి కూడా కలిసిందని పరిశోధకులు గుర్తుచేస్తారు. తొలి సంఘాల్లో సరైన బోధ, తప్పు బోధ అన్న గీత అంత ముందుగా ఏర్పడలేదని 1934లో వాల్టర్ బావర్ అనే పండితుడు వాదించాడు. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

2022లో పోప్ ఫ్రాన్సిస్ ఐరేనియస్‌ను సంఘ పండితుడిగా ప్రకటించాడు. తెలుగు క్రైస్తవులు ఆరాధనలో చెప్పుకునే అపొస్తలుల విశ్వాస ప్రమాణం తర్వాతి కాలంలో రూపుదిద్దుకున్నదే అయినా, దాని సారం ఆయన పేర్కొన్న నియమంలో కనిపిస్తుంది.