కంచె గులాబీ వెనక కథ

కొమ్మ విరిచి గుచ్చితే గులాబీ బతుకుతుంది, దానికి పెద్ద విద్యేం కావాలి అంటారు మనోళ్ళు. నిజమే, గుచ్చడానికి అక్కర్లేదు. కత్తెర పెట్టేటప్పుడే కావాలి. తెలియక నేనొక చలికాలం కంచె మీది అడవి గులాబీని శుభ్రంగా కొట్టేశాను. ఆ ఏడు ఒక్క పువ్వు లేదు. పక్కనున్న నాటు గులాబీని కూడా అలాగే కొట్టాను, అది మాత్రం విరగబూసింది. ఎందుకా అని వెతికితే కథ చైనా దాకా పోయింది.

ఒకప్పుడు ఐరోపా గులాబీలు చాలావరకు ఏడాదికొక్కసారే పూసేవి. నెలనెలా పూసే రకాలు చైనావాళ్ళ తోటల్లో ఉండేవి. 1790ల్లో అవి ఓడలెక్కి ఇంగ్లండు చేరాయి. దారిలో కలకత్తా మజిలీ. అందుకే ఫ్రెంచివాళ్ళు వాటిని బెంగాల్ గులాబీ అన్నారు. పుట్టిందేమో చైనాలో, పేరేమో మనది!

హిందూ మహాసముద్రంలో బూర్బోన్ అనే దీవి ఉంది, ఇప్పుడు రీయూనియన్ అంటున్నారు. అక్కడి రైతులు కూడా మనలాగే గులాబీని కంచెగా వేసేవాళ్ళు. చైనా రకం, డమాస్కస్ రకం కలిపి నాటిన కంచెలో రెండింటి పోలికలతో ఒక మొక్క మొలిచింది. ఏ శాస్త్రవేత్తా చేసిన సంకరం కాదది. 1817 ప్రాంతంలో బ్రెయోన్ అనే ఫ్రెంచి తోటల నిపుణుడి కంటబడింది. మన దేశంలో ఎడ్వర్డ్ గులాబీ అనేది ఆ వంశమే. దండలకు పనికొస్తుంది, అంటు కట్టడానికి అడుగు మొక్కగానూ వాడతారు.

ఆగకుండా పూసే గుణం ఎక్కడిదో 2012లో తేలింది. పూతను ఆపి ఉంచే జన్యువు ఒకటుంది. చైనా రకాల్లో అందులోకి ఇంకో తునక దూరి దాన్ని పనిచేయకుండా చేసింది. కళ్ళెం తెగిన గుర్రమన్నమాట.

ఇప్పుడు కత్తెర సంగతి. గుత్తులుగా చిన్న తెల్లపూలు పూసే మల్టీఫ్లోరా అడవి రకానికి ఆ కళ్ళెం ఇంకా ఉంది. నిరుటి కొమ్మ మీదే పూస్తుంది. చలికాలంలో కొడితే పూతనే కొట్టినట్టు. పూలు రాలగానే బాగా ముదిరిన కొమ్మల్ని మొదలుకంటా తీసేయాలి, కొత్తవి ఉంచాలి. ఎడ్వర్డ్ లాంటివి కొత్త చిగురు మీద పూస్తాయి కాబట్టి వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు నవంబరుల్లో సగానికి కొట్టినా ఫర్వాలేదు. బయటికి చూసే కన్నుకి కాస్త పైన, ఏటవాలుగా కోయండి.

కడియం నుంచి తెచ్చిన అంటు మొక్కకైతే అతుకు కింద లేచే పిలకలు అడుగు మొక్కవి. వదిలేస్తే రెండేళ్ళలో పైదాన్ని మింగేస్తాయి. గులాబీ రంగు మారిపోయిందండీ అని మొత్తుకునేది ఇందుకే. గుచ్చిన కొమ్మకి ఆ బెడద లేదు, నేలలోంచి ఏది లేచినా తన పిలకే. పెన్సిలు లావు కొమ్మ, జానెడు పొడవు, వానాకాలంలో నీడపట్టున రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. వేరొచ్చిందా అని పీకి చూడకండి, ఆ పనితోనే సగం చస్తాయి.

అరకు పద్మాపురం తోట తెలుసుగా, 1942లో యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసింది. ఇప్పుడక్కడ జనం గులాబీలు చూసొస్తున్నారు. మన కొండ చల్లదనం దానికంత నచ్చింది మరి.

మీ కంచెలో ఉన్నది ఏ రకమో తెలియకపోతే ఈ చలికాలం కత్తెర ముట్టకండి. ఏ నెలల్లో పూస్తుందో ఒక ఏడాది గోడ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి, తర్వాత కొడుదురు.