అతుకుల బొంతపై సూదిపని: అమెరికాదేశపు ‘క్రేజీ క్విల్టు’ చరిత్ర

కావ్యమున ఏకసూత్రత లోపించినప్పుడు దానిని ‘అతుకుల బొంత’ యని నిందించుట మన విమర్శకులకు పరిపాటి. పాతబట్టల పేలికలను ఒకదాని ప్రక్క నొకటి చేర్చి కుట్టిన పక్కబట్టకు లోకవ్యవహారమున నున్న పేరే ఈ నిందకు మూలము. ఈ మాటలో రెండు తలంపులు ఇమిడియున్నవి. అతుకు పేదరికమునకు గుర్తనునది మొదటిది. అతుకులలో పొందిక యుండజాలదనునది రెండవది. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని స్త్రీలు ఈ రెంటిని గూడ త్రోసిపుచ్చునట్టి యొక బొంతను కల్పించిరి. దానికి ‘క్రేజీ క్విల్టు’ అని పేరు. అది పట్టు, మఖమలు ముక్కలతో కూర్చిన అతుకుల బొంత. దాని అతుకులకు పొందికను సమకూర్చినది అతుకు అతుకునందును చేతితో వేసిన సూదిపని. ఈ సూదిపని బొంతకు పైమెరుగు మాత్రమే కాదనియు, ఆ బొంతకు ఏకసూత్రతయు, చరిత్రకారునకు సాక్ష్యమును అదియే యనియు నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా పదవిచారము అవసరము. క్విల్టనగా సామాన్యముగా మూడు పొరలు గలది: పైవస్త్రము, నడుమ దూది లేక ఉన్ని, అడుగున అస్తరు. ఈ మూడు పొరలను కలిపి పట్టు కుట్టునకే ఆ భాషలో ‘క్విల్టింగు’ అని పేరు. క్రేజీ క్విల్టునందు నడిమి పొర తరచుగా నుండదు. మూడు పొరలను పెనవేయు కుట్టును సాధారణముగా నుండదు. అస్తరును అక్కడక్కడ దారపు ముడులతో మాత్రమే పైభాగమునకు బంధింతురు. కావున లక్షణముచేత ఇది క్విల్టు కాదు, రూఢిచేత మాత్రమే క్విల్టు. ‘క్రేజీ’ అను విశేషణము మరింత ఆలోచింపదగినది. నేడు ఆ మాటకు పిచ్చి అని అర్థము. కాని దాని మూలమైన ‘క్రేజ్’ ధాతువునకు పగులుట, బీటలువారుట అని ప్రాచీనార్థము. పింగాణి పాత్రల మెరుగుపూతపై సన్నని నెర్రెలు ఏర్పడుటను ఆంగ్లమున నేటికిని ఆ ధాతువుతోనే చెప్పుదురు. ఒక క్రమము లేని కోణములతో, గీతలతో నిండిన ఈ బొంతను చూచినవారికి నెర్రెలువారిన పూత స్ఫురించుట సహజము. పేరు ఏ అర్థమున మొదట పుట్టినను రెండర్థములును దానికి చెల్లినవి.

ఈ బొంత పుట్టుకను గూర్చి ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఒక కథ ప్రచారమున నుండెను. అమెరికాకు తొలుత వలస వచ్చిన కుటుంబములవారు బట్టకు కరవై, చినిగిన దుప్పట్లపై దొరకిన ముక్కను దొరకినట్లు మాసికలు వేసిరనియు, ఆ మాసికల దుప్పటియే క్రేజీ క్విల్టనియు, కావున అమెరికా బొంతలలో అదియే ఆదిమమైనదనియు ఆ కథ సారాంశము. వినుటకు ఇంపుగానున్నను ఇది నిలువదు. మాసికలు వేసిన దుప్పట్లు ప్రతి దేశమునను ఉండును. కాని పరిశోధకులు ఎదుట పెట్టుకొని చూచిన క్రేజీ క్విల్టులు పేదల నూలుబట్టలతో గాక పట్టు, సాటిను, మఖమలు ముక్కలతో కుట్టినవి. అంతకంటె బలవత్తరమైన ఆధారము మరియొకటి కలదు. కుట్టినవారు తమ పొడి అక్షరములను, సంవత్సరమును బొంతపైననే దారముతో వ్రాసిరి. ఆ సంవత్సరములలో అత్యధికము 1880–1890 దశాబ్దమునకు చెందినవి. ఇండియానా రాష్ట్రమున నార్త్స్ లాండింగు అను చోట టామర్ హార్టన్ హారిస్ నార్త్ అను నామె 1877 ప్రాంతమున కుట్టిన బొంత న్యూయార్కు నందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. అది ఈ జాతిలో తొలినాటి వానిలో నొకటి. కాలనిర్ణయమును చేసినది గ్రంథము కాదు, సూదిపని యనుట ఇచట గమనింపదగిన విషయము.

ఈ ప్రక్రియ 1876 తరువాతనే విజృంభించుటకు కారణమేమి? అమెరికా స్వాతంత్ర్య ప్రకటన శతవార్షికోత్సవ సందర్భమున ఆ యేడు మే 10 మొదలు నవంబరు 10 వరకు ఫిలడెల్ఫియా నగరమున జరిగిన మహాప్రదర్శనమును దాదాపు కోటిమంది దర్శించిరి. అందు రెండు విషయములు స్త్రీల కంట పడినవి. జపాను దేశము పంపిన పింగాణి పాత్రలు, తెరలు, పట్టువస్త్రములు మొదటివి. ఎడమవైపున నున్నదే కుడివైపున నుండవలెనను పాశ్చాత్య నియమమును ఆ చిత్రకారులు పాటింపరు. ఒక మూల కొమ్మను నిలిపి తక్కిన చోటును వెలితిగా విడుచుట వారి పద్ధతి. లండనులో 1872లో స్థాపింపబడిన రాయల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ నీడిల్‌వర్క్ వారి పనులు రెండవవి. సూదిపని చిత్రలేఖనముతో సమానమైన కళ కాగలదని ఆ పనులు చాటినవి. వానిచే ప్రేరితురాలై కాండేస్ వీలర్ అను నామె మరుసటి యేడే న్యూయార్కున సొసైటీ ఆఫ్ డెకొరేటివ్ ఆర్ట్ అను సంస్థను నెలకొల్పెను. జపాను నుండి అసమరూపమును, ఇంగ్లండు నుండి కుట్టును గ్రహించి, తమ యింటి అతుకుపని సంప్రదాయమున రెంటిని మేళవించిరనుట సమంజసము. ఈ బొంతలనే ప్రత్యేక విషయముగా గైకొని 1984లో గ్రంథము వెలువరించిన పెన్నీ మెక్‌మారిస్ కూడ జపాను ప్రభావమునకు ప్రాధాన్య మిచ్చెను.

అభిరుచి మాత్రమే చాలదు, వస్తువు అందుబాటులోనికి రావలెను. అంతర్యుద్ధకాలమున విదేశీ పట్టువస్త్రములపై విధింపబడిన హెచ్చు సుంకముల చాటున న్యూజెర్సీ రాష్ట్రమందలి పేటర్సన్ నగరమున మిల్లులు వృద్ధిపొందినవి. మధ్యతరగతి స్త్రీలకును పట్టు అందినది. మిల్లులలో మిగిలిన ముక్కలను పొట్లములుగ కట్టి తపాలా ద్వారా అమ్మువారు బయలుదేరిరి. దారపు కంపెనీలవారు రంగురంగుల తెగిన పోగులను చౌకగా అమ్మిరి. నమూనాముక్కల కొరకు స్త్రీలు దుకాణములను వేధించుచున్నారని పత్రికలు పరిహాసము చేసినవి.

ఇక నిర్మాణము. బొంత నంతయు ఒక్కసారిగా కుట్టరు. ముందుగా పన్నెండు మొదలు పదునెనిమిది అంగుళముల వరకు పొడవుగల చదరపు మస్లిను ముక్కను ఆధారముగా తీసికొందురు. దీనిని మనము ‘గడి’ యందము. ఒక మూలనుండియో నడుమనుండియో ఆరంభించి, కోణము లెట్లు కుదిరిన నట్లు పట్టుముక్కలను పరచి, ఒకదాని అంచు మరియొకదాని క్రిందికి పోవునట్లు అమర్చి, పై అంచును లోనికి మడచి, కచ్చాకుట్టుతో నిలుపుదురు. కత్తిరింపులో కొలత లేదనుకొనుట పొరపాటు. ముదురురంగు ప్రక్కన లేతరంగు, మెరయు సాటిను ప్రక్కన మెరుపులేని మఖమలు వచ్చునట్లు చూచుకొనవలెను. గడి నిండిన తరువాత ప్రతి అతుకు గీతపైనను అలంకారపు కుట్టు నడుచును. అన్ని గడులును పూర్తియైన పిమ్మట వానిని కలిపి కుట్టి, ఆ కలయికలను గూడ కుట్టులతో కప్పి, అస్తరు వేసి అంచు కట్టుదురు. పని గడులుగా విభక్తమగుటచేత ఒళ్లో పెట్టుకొని కుట్టుకొనవచ్చును. స్నేహితురాండ్రు తలకొక గడిని కుట్టి యిచ్చుటయు కలదు.

ఈ కుట్టులలో ముఖ్యమైనది ఈకకుట్టు. నడిమి గీతకు ఇరువైపుల మార్చిమార్చి చిన్న కొమ్మలు విడుచుచు పోవుటచేత అది రెండు ముక్కలను సమముగా పట్టుకొనును. దారములు అడ్డముగా దాటుకొనుచు సాగునది చేపముల్లు కుట్టు. ఒక అంచును గట్టిగా కప్పునది కాజాకుట్టు. గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు మొదలైనవి వీనికి తోడుపడును. ఒక్కొక్క మూలకుట్టుపై మరియొక కుట్టు నెక్కించి, కొసలయందు ముడులనో మూడురేకుల పూవులనో చేర్చి, ఒకే బొంతలో పదులకొలది భేదములను చూపిన నేర్పరులు కలరు. వ్యాకరణమున కొలది ప్రత్యయములచే అనంతమైన పదములు సిద్ధించునట్లు, నాలుగైదు మూలకుట్టులనుండి ఈ వైవిధ్యము పుట్టుచున్నది. ఈ కుట్టు కేవలము అందమునకు వేసినదా? కాదు. కచ్చాకుట్టు తాత్కాలికము. ముక్క అంచును ఆధారవస్త్రమునకు శాశ్వతముగ బంధించునది చాలచోట్ల ఈ అలంకారపు కుట్టే. అలంకారమును విప్పినచో బొంతయే విడిపోవును. అలంకారము శోభాకరమే గాని శరీరమున కావశ్యకము కాదను సామాన్యభావన ఇచట తలక్రిందగుచున్నది.

అతుకులపై కుట్టు ముగిసిన పిదప ముక్కల నడుమ బొమ్మలు వెలయును. విసనకఱ్ఱ, కొంగ, సీతాకోకచిలుక, సాలెగూడు, గుడ్లగూబ, నెమలియీక, ప్రొద్దుతిరుగుడు పూవు – ఇవి తరచుగ కనబడు వస్తువులు. వీనిలో మొదటివి జపాను అభిరుచికి, చివరివి ఆస్కార్ వైల్డు 1882లో అమెరికాలో తిరిగి ఉపన్యసించిన సౌందర్యోద్యమమునకు సంబంధించినవి. కేట్ గ్రీనవే పుస్తకములలోని పిల్లల బొమ్మలను గీతమాత్రముగ కాడకుట్టుతో దింపుటయు వాడుకయైనది. చిత్రము వేయజాలని వారి కొరకు చిల్లులు పొడిచిన కాగితములు అమ్మెడివారు. కాగితమును బట్టపై పరచి రంగుపొడిని రుద్దినచో చుక్కలవరుసగా రూపము దిగును. సిద్ధముగా కుట్టిన పూవులను కొని అతికించుటయు కలదు. కావున ప్రతి బొమ్మను కుట్టినామె ఆత్మకథగా చదువబూనుట ప్రమాదకరము. ఏది అంగడి సరకు, ఏది సొంతభావన యని వివేచించుట పరిశోధకుని ప్రథమకర్తవ్యము.

వివేచించిన పిదప మిగులునది అల్పము కాదు. ఎన్నికల ప్రచారపు పట్టు రిబ్బనులు, చుట్టల కట్టలకు చుట్టిన పసుపుపచ్చని రిబ్బనులు, యుద్ధమున పాల్గొన్నవారి సంఘముల గుర్తులు, పెండ్లిబట్టల తునుకలు, మృతశిశువుల పేరులు, తేదీలు ఈ గడులలో ఒదిగియున్నవి. 1884లో క్లీవ్‌లండు, బ్లెయినులు అధ్యక్షపదవికై పోరాడినప్పుడు అమెరికా స్త్రీలకు జాతీయ ఎన్నికలలో ఓటు లేదు. అది దేశమంతటను రాజ్యాంగసిద్ధమైనది 1920లో. ఓటు లేని యామె అభ్యర్థి రిబ్బనును తన బొంతలో కుట్టి, దాని చుట్టును ఈకకుట్టు నడిపినచో, అది ఆ యింటి రాజకీయ స్మృతికి నిలిచిన గుర్తు. దినచర్య వ్రాయని స్త్రీల విషయమున ఇట్టి గుర్తులే లిఖితాధారములకు దీటైనవి.

1890 తరువాత నగరములలో ఈ మోజు తగ్గెను. పల్లెలలో మాత్రము ఉన్నిబట్టల ముక్కలతో, లావైన దారముతో ఈ బొంత ఇరువదవ శతాబ్దిలోనికి సాగెను. పట్టు బొంత చావడిలో చూపుటకు కాగా, ఉన్ని బొంత కప్పుకొనుటకు వచ్చినది. పూర్వము ప్రచారమున నుండిన కథ చెప్పినదానికి ఇది విపరీతక్రమము. అవసరమునుండి అలంకారము పుట్టలేదు, అలంకారమే అవసరమునకు దిగివచ్చినది.

ఈ బొంతలకు కలిగిన విపత్తును గూడ చెప్పవలెను. ముడిపట్టునందలి జిగురును తొలగించినచో బరువు సుమారు నాల్గవవంతు తగ్గును. పట్టు తూకమున అమ్ముడగు వస్తువు గాన, ఆ లోటును పూడ్చుటకు తయారీదారులు తగరపు లవణములు, ఇనుప లవణములు పట్టించిరి. బట్ట బరువెక్కి, ఒరిపిడికి గరగరలాడెను. కాని కాలక్రమమున ఆ లవణములును వెలుతురును పోగులను పెళుసుబరచగా పట్టు నిలువునను అడ్డమునను చీలికలై రాలెను. ‘క్రేజ్’ ధాతువు ప్రాచీనార్థము ఇట్లు విషాదకరముగా సార్థకమైనది. అనేక బొంతలలో పట్టుముక్క పోయి, దాని చుట్టునున్న కుట్టు మాత్రము మస్లినుపై నిలిచియున్నది. ఆ ముక్క రంగు తెలియదు, దాని హద్దు తెలియును. పెళుసైన భాగములను పలుచని వలవస్త్రముతో కప్పి నిలుపుట తప్ప, రాలిన పట్టును తిరిగి తెచ్చు ఉపాయము లేదు.

బొంతలను కళావస్తువులుగ చూచు దృష్టికి 1971లో న్యూయార్కు విట్నీ మ్యూజియమున జరిగిన ప్రదర్శన గొప్ప ఊతమైనది. 1980లో అమెరికన్ క్విల్ట్ స్టడీ గ్రూప్ ఏర్పడెను. 1981లో కెంటకీ రాష్ట్రమున ఆరంభమైన ప్రయత్నము ననుసరించి పెక్కు రాష్ట్రములలో ఇంటింటి బొంతలను రప్పించి, కొలిచి, ఛాయాచిత్రములు తీసి, వాని కథలను నమోదు చేసిరి. 1997లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున బొంతలకే ప్రత్యేకమైన అధ్యయన కేంద్రము వెలసెను.

మన దేశమున బొంత లేకపోలేదు. వంగదేశపు ‘కాంథా’ పాతచీరల పొరలపై బొమ్మలు కుట్టిన పక్కబట్ట. సంస్కృతమున ‘కంథా’ శబ్దమునకు బొంత యనియే అర్థము. స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే కాంథాను గూర్చి వ్యాసము వ్రాసెను. ఆమె సేకరించిన కాంథాలు నేడు ఫిలడెల్ఫియా మ్యూజియమున నున్నవి. ఆ మ్యూజియము 1876 నాటి ప్రదర్శన ఫలముగనే పుట్టినది. తెలుగునాట లంబాడీ స్త్రీలు అతుకులను, అద్దములను, గవ్వలను, దారపు కుట్టును కలిపి వస్త్రములు కూర్చుదురు. వీనికిని క్రేజీ క్విల్టునకును జన్యజనకసంబంధము కలదని మేము చెప్పుట లేదు. చదువు పద్ధతి మాత్రము ఒక్కటియే.

మన యిండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాతచీరలతో కుట్టిన బొంతలు ఇంకను అక్కడక్కడ మిగిలియున్నవి. ఏ చీర ఎవరిది, ఏ పండుగకు కొన్నది, ఏ బిడ్డ దానిలో పెరిగినది యని చెప్పగలవారు ఏటికేడు తగ్గుచున్నారు. మన బొంతకు తగరపు లవణముల భీతి లేదు. చెప్పువారు లేకపోవుటయే దానికి చేటు. తాళపత్రమును కాపాడినట్లు బొంతను కాపాడుట సాధ్యము కాకపోయినను, కుట్టినవారి మాటను వ్రాసికొనుట పరిశోధకవిద్యార్థికి సాధ్యమే. ఆ పని ఆరంభించినచో, ‘అతుకుల బొంత’ యను మాటను నిందకు వాడుటకు ముందు మన విమర్శకులు ఒక్కక్షణము తటపటాయింతురని మా విశ్వాసము.