సుంకరి ముందు సుఖదుఃఖాలు: కోనసీమ తీరంలో సుంకం, చెల్లింపు

వ్యాససంగ్రహం

విదేశీ అమ్మకందారుల నుంచి వస్తువులు తెప్పించుకొనేవారు సుంకం విషయంలోనూ, సొమ్ము చెల్లించే విషయంలోనూ ఇబ్బంది పడుతున్నారు. ఈ ఇబ్బంది అంతర్జాలంతో పుట్టింది కాదు. మోటుపల్లి శాసనం మొదలుకొని ఇంజరం, బండమూర్లంక, యానాం వర్తక స్థావరాల మీదుగా నేటి పార్సెల్ వరకు దీని స్వరూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సుంకం ఎంత అనేదానికంటే అది ముందుగా తెలుస్తుందా లేదా అనేదే సామాన్యునికి ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుంకం, సుంకరి, మోటుపల్లి, ఇంజరం, యానాం, కోనసీమ, వట్టం.

1. ఉపోద్ఘాతం

"సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు" అని తెలుగులో ఒక సామెత ఉంది. సంస్కృతంలోని 'శుల్కం' ప్రకృతి కాగా 'సుంకం' దాని వికృతి. సుంకం వసూలు చేసేవాడు సుంకరి. ఆ ఉద్యోగం పోయినా 'సుంకర' అనే ఇంటిపేరు గోదావరి జిల్లాలలో నేటికీ వినిపిస్తుంది. బాటసారి తన కష్టం ఎంత చెప్పుకొన్నా సుంకరి చూసేది మూటనే. ఆ మూటకు ఎంత కట్టాలో ముందే తెలిసి ఉంటే బాటసారికి కష్టం చెప్పుకోవలసిన పనే లేదు. ఈ చిన్న పరిశీలనే ఈ వ్యాసానికి ఆధారం.

2. మోటుపల్లి: రాతిమీద చెక్కిన రేటు

సుంకాన్ని ముందుగా ప్రకటించడానికి తెలుగునాట ప్రసిద్ధమైన నిదర్శనం క్రీ.శ. 1244 నాటి మోటుపల్లి అభయశాసనం. తుఫానుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకంతటినీ పూర్వపు రాజులు లాగుకొనేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు అందులో అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమని పేర్కొన్నాడు. శాసనం ఇక్కడ సుంకాన్ని 'క్లుప్త శుల్కం' అంటుంది. క్లుప్తమంటే ఏర్పరచినది, నిశ్చయమైనది. వర్తకునికి రాజు ఇచ్చిన అభయమంతా ఈ విశేషణంలోనే ఉంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మరొక శాసనం వేయించి వర్తకులకు రాయితీలను ప్రకటించాడు. ఆ రాజ్యపు సముద్ర వర్తకం ఎంత విస్తృతమో శ్రీనాథుని హరవిలాసం అవతారికలో కనిపిస్తుంది. కృతిపతి అవచి తిప్పయసెట్టి పరదేశాల నుంచి సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు.

3. ఇంజరం, బండమూర్లంక: పరదేశి బేరగాడు

మోటుపల్లిలో సరుకు తెచ్చిన పరదేశికి రాజు అభయమిచ్చాడు. అయిదు వందల ఏళ్ల తరువాత గోదావరి ముఖద్వారంలో పరిస్థితి తలకిందులైంది. ఇక్కడ పరదేశి కొనుగోలుదారు, అమ్ముకొనేవాడు మన నేతగాడు. ఈస్టిండియా కంపెనీ 1708లో యానాం పక్కనే ఉన్న ఇంజరంలో స్థావరం ఏర్పరచుకొంది. నేటి అల్లవరం మండలంలోని బండమూర్లంకలోనూ ఇంగ్లీషువారి వర్తకశాల ఉండేది. వారికి కావలసింది ఈ ప్రాంతపు సన్ననేత బట్ట.

కొనుగోలు విధానం ముందు సొమ్ముపై నడిచేది. వర్తకుల ద్వారా నేతగానికి బయానా ముట్టేది. బట్ట తయారైన తరువాత కంపెనీవారు నాణ్యతను బట్టి తరగతులు కట్టేవారు. తక్కువ తరగతిలో పడితే ధర తగ్గేది, తిరస్కరిస్తే బాకీ మిగిలేది. పలు టంకశాలల నాణేలు చెలామణిలో ఉండడంవల్ల షరాబు మార్పిడికి వట్టం పట్టుకొనేవాడు. బేరంలో చెప్పిన ధరకూ చేతికి వచ్చిన సొమ్ముకూ మధ్య ఉన్న ఈ తేడా నేతగాని అదుపులో లేదు.

దీనికి తోడు దేశంలోపలి రవాణా సుంకాలు ఉండేవి. సరుకు సాగే దారిలో చౌకీల వద్ద వీటిని వసూలు చేసేవారు. మద్రాసు రాజధానిలో 1844లో గాని ఇవి రద్దు కాలేదు. అప్పటికే బ్రిటన్ భారతీయ వస్త్రాలపై భారీ సుంకాలు విధించి, తన మిల్లుబట్టను స్వల్ప సుంకంతో ఇక్కడికి పంపింది. ఒకే సముద్రానికి రెండు ఒడ్డులలో రెండు రేట్లు ఉన్నప్పుడు నష్టం ఏ ఒడ్డుకు చేరుతుందో గోదావరి మగ్గాలకు అనుభవంలోకి వచ్చింది.

4. యానాం: ఒక ఊరిలో రెండు చట్టాలు

ఫ్రెంచివారు 1723లో యానాంకు వచ్చారు. 1727లో విడిచిపెట్టి, 1731లో తిరిగి స్థిరపడ్డారు. గౌతమికి ఆవలి ఒడ్డు కోనసీమ. భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే, చట్టాలు మాత్రం వేరు. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాల కోసం జనం యానాం వెళ్లడం అందరికీ తెలిసిన సంగతి. సరుకు విషయంలోనూ సరిహద్దు అలాగే పనిచేసింది.

1941లో బ్రిటిషిండియాకూ ఫ్రెంచిండియాకూ మధ్య సుంకాల ఐక్యత ఒప్పందం కుదిరింది. స్వాతంత్ర్యానంతరం 1949లో భారత ప్రభుత్వం దానిని ముగించింది. దాంతో ఫ్రెంచి భూభాగాల హద్దులు సుంకపు హద్దులయ్యాయి. ఒకనాడు మామూలుగా సాగిన సరుకు మరునాడు దిగుమతి అయింది. మారింది వస్తువు కాదు, దాని పేరు. 1954 జూన్ 13న యానాం విమోచనవాదుల వశమైంది. అదే ఏడు నవంబరు 1న పాలన భారత్‌కు సంక్రమించింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఆ తరువాత ఆ చౌకీకి పనిలేకపోయింది.

5. నేటి పార్సెల్

నేడు చౌకీ గోదావరి ఒడ్డున లేదు. సరుకు తనిఖీ దూరపు నగరంలో జరుగుతుంది, చీటీ మాత్రం అమలాపురం, రాజోలు, కొత్తపేట గుమ్మాలకు వస్తుంది. గల్ఫ్‌లో పనిచేసే బంధువులు పంపే వస్తువులు కోనసీమ ఇళ్లకు కొత్త కావు. 2019 డిసెంబరులో టపా, కొరియర్ ద్వారా వచ్చే కానుకలకు ఉన్న సుంకరహిత సదుపాయం దాదాపు తొలగిపోయింది. అదే ఏడాది బడ్జెట్‌లో దిగుమతి ముద్రిత గ్రంథాలపై అయిదు శాతం సుంకం పడింది. పరిశోధకులకు ఇది నేరుగా తగిలే విషయం.

లెక్క కూడా సూటిగా ఉండదు. ధరకు రవాణా, బీమా ఖర్చులు కలిపి మదింపు విలువ కడతారు. దానిపై మూల సుంకం, ఆ సుంకంపై పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ఈ మొత్తంపై సమీకృత వస్తుసేవల పన్ను పడతాయి. ఉదాహరణకు రూ. 10,000 విలువపై మూల సుంకం 10 శాతం, పన్ను 18 శాతం అనుకొందాం. కొనుగోలుదారు మనసులో కట్టుకొనే లెక్క రూ. 2,800. చెల్లించవలసింది 1,000, 100, 1,998 కలిపి రూ. 3,098. కొరియర్ సంస్థ రుసుము దీనికి అదనం. వస్తువు నచ్చక వెనక్కి పంపితే అమ్మకందారు ధరను తిరిగి ఇస్తాడు గాని సుంకం అతని చేతిలో ఉండదు.

చెల్లింపులోనూ ఇలాంటి మెలికే ఉంది. రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరు నుంచి అమలుచేసిన నిబంధన ప్రకారం కొత్త కార్డులలో విదేశీ లావాదేవీల సదుపాయాన్ని ఖాతాదారే తెరిపించుకోవాలి. ఇది మోసాల నుంచి కాపాడే మంచి ఏర్పాటే. కాని సంగతి తెలియనివారికి కనిపించేది "చెల్లింపు విఫలమైంది" అనే ఒక్క మాటే. యానాం చరిత్రపై ఒక పాత ఫ్రెంచి గ్రంథం కోసం ఈ వ్యాసకర్త చేసిన చెల్లింపు కూడా రెండుసార్లు అలాగే తిరిగివచ్చింది. కారణం తెలిసేసరికి విదేశీ విక్రేత దానిని మరొకరికి అమ్మివేశాడు. నాటి వట్టం స్థానంలో నేడు బ్యాంకులు తీసుకొనే విదేశీ మారక రుసుము ఉంది. అదీ నెలాఖరు లెక్కలోనే బయటపడుతుంది.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సుంకం రాజ్యానికి అవసరమైన ఆదాయం, దేశీయ ఉత్పత్తికి రక్షణ కూడా. గోదావరి నేతగాళ్ల అనుభవం చూసిన తరువాత దానిని వద్దనలేము. అభ్యంతరం సుంకంపై కాదు, దాని అనిశ్చితిపై.

2. మోటుపల్లి శాసనం ఓడ రేవుకు చేరకముందే రేటు చెప్పింది. నేటి రేట్లు కూడా ప్రకటితాలే. అయితే అవి వేర్వేరు పట్టికలలో, నోటిఫికేషన్లలో ఉండి, కొనే క్షణంలో కొనుగోలుదారునికి ఒక్క అంకెగా కనిపించవు.

3. ఇంజరం నేతగాడు, యానాం సరిహద్దు గ్రామస్థుడు, నేటి పార్సెల్ గ్రహీత ముగ్గురూ తాము చేయని నిర్ణయానికి మూల్యం చెల్లించినవారే.

మొత్తం ఎంతో కొనకముందే ఒక్క అంకెలో చెప్పగలిగితే, చెల్లింపు ఎందుకు ఆగిందో తెలుగులో ఒక్క వాక్యంలో తెలియజేయగలిగితే, అది ఈ కాలపు అభయశాసనం అవుతుంది. అప్పుడు సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకోవలసిన అవసరం ఉండదు.