పాత వీడియో గేమ్: మమకారం తీసేస్తే మిగిలేదేమిటి?



చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. కాని ఇంట్లో అటక మీద దుమ్ము పట్టిన వస్తువుకు కూడా చరిత్ర ఉంటుంది. ఈ పాఠంలో అలాంటి వస్తువు ఒకటి తీసుకుందాం. అది 1990లలో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ యంత్రం. "ఆ రోజుల్లో ఆటలే ఆటలు, ఇప్పటివీ ఒక ఆటలేనా!" అని మీ నాన్నగారో, మేనమామో అనగా మీరు వినే ఉంటారు. ఈ మాట నిజమా? లేక చిన్ననాటి మీద ఉన్న మమకారం అలా పలికిస్తోందా? దీన్ని తేల్చే పద్ధతి ఏదైనా ఉందా? ఇదే ఈ పాఠంలో మన ప్రశ్న.

ఈ మమకారానికి పేరు పెట్టింది ఒక వైద్య విద్యార్థి. 1688లో స్విట్జర్లాండుకు చెందిన యోహానెస్ హోఫర్, ఇంటికి దూరంగా ఉన్నవారిని పట్టి పీడించే బెంగను ఒక జబ్బుగా వర్ణిస్తూ 'నోస్టాల్జియా' అనే మాటను తయారుచేశాడు. మొదట అది ఊరి మీది బెంగ. తరువాతి కాలంలోనే గడిచిపోయిన రోజుల మీది బెంగగా మారింది.

మగ్గం నేర్పే పాఠం

ఊరి మీది బెంగ అంటే ఏమిటో సూరత్‌లోని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడి లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఈ వలసలే కారణం.

పాత యంత్రాన్ని ఎలా తూచాలో ఈ ఊరి మరమగ్గాల దగ్గర నేర్చుకోవచ్చు. నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ పేకను మోసుకుపోయే పాత మగ్గం ఒకటి. నీటి ధారతో పేకను విసిరే వాటర్‌జెట్ మగ్గం ఇంకొకటి. వేగంలో రెండోదానిదే పైచేయి. కాని దానికి పాలియెస్టర్ లాంటి, నీరు పీల్చని దారమే కావాలి. నూలు దారానికి అది పనికిరాదు. కాబట్టి పాత మగ్గాన్ని ఉంచాలా, తీసేయాలా అని లెక్క వేసేటప్పుడు "దీని మీద మా నాన్న నేశాడు" అనే మాట ఆ లెక్కలోకి రాదు. ఏ గుడ్డ వస్తుంది, రోజుకు ఎన్ని మీటర్లు వస్తుంది, కరెంటు ఎంత ఖర్చవుతుంది, విడిభాగాలు దొరుకుతాయా అన్నవే ప్రశ్నలు.

మరో సంగతి గమనించండి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ రూపొందించిన పద్ధతిలో, రంధ్రాలు కొట్టిన అట్టలను మారిస్తే అదే మగ్గం మీద వేరే డిజైను వస్తుంది. అంటే మగ్గం వేరు, డిజైను వేరు. మగ్గం పాతదైనంత మాత్రాన డిజైను పాతదైపోదు. వీడియో గేమ్ యంత్రమూ, అందులో మనం గుచ్చే క్యాసెట్టూ సరిగ్గా ఇలాంటి జంటే. అందుకని యంత్రాన్నీ, ఆటనూ విడివిడిగా తూచాలి. మూడోది, ఆడినప్పటి సావాసాన్ని కూడా వేరుగా తీసి పక్కన పెట్టాలి.

యంత్రం

నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే యంత్రాన్ని 1983 జూలై 15న జపానులో విడుదల చేసింది. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు మసయుకి ఉయెమురా. దాని పని జ్ఞాపకశక్తి కేవలం 2 కిలోబైట్లు. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. మన దేశంలో 1982 ఆసియా క్రీడల నాడు రంగుల టీవీ వచ్చింది. 1990లలో ఫ్యామికామ్ ఆటలు నడిచే యంత్రాలు రకరకాల పేర్లతో మన బజార్లకు చేరాయి. వాటిలో చాలా భాగం తైవాన్, చైనా వంటి చోట్ల తయారైన నకళ్లు. రష్యాలో 1992లో వచ్చిన డెండీ కూడా ఇలాంటి నకలే. 'ఒకే క్యాసెట్టులో 9999 ఆటలు' అని రాసి అమ్మినవాటిలో కొన్ని ఆటలే మళ్లీ మళ్లీ వేర్వేరు పేర్లతో కనిపించేవి.

ఇక్కడ చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే చిక్కు ఒకటుంది. జపాను, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీస్తాయి. మన టీవీ పద్ధతి 50 సార్లు గీసేది. ఆట నడక తెర గీతతో ముడిపడి ఉంటుంది. కాబట్టి 60కి రాసిన ఆటను మన పద్ధతికి అమర్చిన యంత్రంలో ఆడితే, అది ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడుస్తుంది. అక్కడ 60 సెకన్లలో ముగిసే పాట ఇక్కడ 72 సెకన్లు సాగుతుంది. అంటే చాలామంది పెద్దలు తలచుకుని మురిసిపోయే 'అసలు ఆట', దాన్ని తయారుచేసినవారు అనుకున్న ఆట కాదు. జ్ఞాపకం ఎంత గట్టిదైనా సాక్ష్యంగా దాన్ని పరీక్షించకుండా తీసుకోకూడదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

యంత్రంలో నిజమైన లోపాలూ ఉన్నాయి. కదిలే బొమ్మల ముక్కలు ఒకే అడ్డగీత మీద ఎనిమిది కంటే ఎక్కువైతే అది చూపలేదు. అందుకే శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. ఇక బాతులను కాల్చే తుపాకి ఆట సంగతి. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ మెరుపును పట్టుకుంటుంది. నిజానికి తుపాకి నుంచి ఏదీ వెలువడదు, తెర నుంచే కాంతి తుపాకిలోకి వస్తుంది. ఈ ఉపాయం పిక్చర్ ట్యూబు టీవీ వేగాన్ని నమ్ముకున్నది. ఈనాటి ఎల్‌సీడీ తెర మీద ఆ తుపాకి పనిచేయదు. మమకారం ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే. కాబట్టి యంత్రానికి మంచి మార్కులు వేయలేం.

ఆట

ఇప్పుడు క్యాసెట్టులోని ఆటకు వద్దాం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. మీ ఫోనులో తీసిన ఒక ఫొటో 4 మెగాబైట్లు ఉంటే, అందులో వంద మారియో ఆటలు పడతాయి. చోటు లేక, ఒకే బొమ్మకు తెల్లరంగు వేసి మేఘంగా, పచ్చరంగు వేసి పొదగా వాడుకున్నారు. మొదటి తెరను చూడండి. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీ. ఎటు వెళ్లాలో ఒక్క అక్షరం లేకుండానే అర్థమవుతుంది. కాసేపటికి ఒక శత్రువు ఎదురొస్తుంది. ఎగరకపోతే ప్రాణం పోతుంది, కాని నష్టం కొన్ని సెకన్లే. మీటను ఎక్కువసేపు నొక్కితే ఎక్కువ ఎత్తు ఎగురుతాడు. ఈ పాఠం చెప్పే తీరుకు వయసు మీరలేదు. చదువు చెప్పే మాబోటివాళ్లు కూడా అసూయపడేంత చక్కగా ఉంది.

అన్ని ఆటలూ ఇలా లేవు. చాలా ఆటలు విపరీతంగా కష్టం. కాంట్రాలో గుండు ఒక్కటి తగిలితే చాలు, ఒక ప్రాణం పోతుంది. ఉన్నవి మూడే ప్రాణాలు. చిన్న క్యాసెట్టులో ఇమిడిన కొద్దిపాటి ఆటను ఎక్కువ రోజులు సాగదీయడానికి కష్టం ఒక ఉపాయం. 1982లో అటారీ కోసం సుమారు అయిదు వారాల్లో తయారుచేసిన ఈ.టీ. ఆట అమ్ముడుపోక, మిగిలిపోయిన ఇతర క్యాసెట్లతో పాటు అమెరికాలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పాతిపెట్టబడింది. 2014లో తవ్వి చూసి నిర్ధారించారు. జపానులో ఫ్యామికామ్‌కు వెయ్యికి పైగా ఆటలు వచ్చాయి. మన పెద్దలు చెప్పే పేర్లు పది, పదిహేను. చెడ్డవి మరుపున పడి మంచివే మిగిలాయి. మిగిలినవాటిని చూసి ఆ కాలమంతా గొప్పదనడం, జల్లెడ పట్టిన బియ్యాన్ని చూసి ఆ ఏడు పంటలో రాయే లేదనడం వంటిది.

మరి, మమకారమే లేని మనిషి ఇచ్చే తీర్పు ఉందా? ఉంది. మాస్కోలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ సృష్టించిన టెట్రిస్‌కు నింటెండో రూపం 1989లో వచ్చింది. 2023 డిసెంబరు 21న అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల బాలుడు ఆ పాత రూపాన్నే 157వ స్థాయి దాకా ఆడి, ఆట స్తంభించిపోయేలా చేశాడు. 34 ఏళ్లలో ఏ మనిషీ అక్కడికి చేరలేదు. ఆట విడుదలైననాటికి అతను పుట్టనేలేదు. తలచుకోవడానికి అతనికి ఆ రోజులే లేవు. అయినా వేల గంటల ఆటకు తగినంత లోతు దానిలో దొరికింది. ఆటలో బలముంటే కొత్త చేతులు దాన్ని పట్టుకుంటాయి.

సావాసం

ఇక మిగిలినది సావాసం. వీధికంతటికీ ఒకే యంత్రం, వేసవి సెలవులు, ఒక ప్రాణం పోగానే పక్కవాడి చేతికి జాయ్‌స్టిక్ ఇవ్వాలన్న ఒప్పందం, వంతు కోసం పోట్లాట. పెద్దలు చెప్పే ఆనందంలో పెద్ద వాటా వీటిదే. ఆ వాటా మీ పెద్దలకు చెందుతుంది, యంత్రానికి కాదు. అది అబద్ధమని కాదు, దాన్ని యంత్రం ఖాతాలో రాయకూడదంతే.

ఎందుకు తేల్చుకోవాలి?

ఎందుకంటే కాలం తక్కువగా ఉంది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం బజారులో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. పిక్చర్ ట్యూబు టీవీలు పాత ఇనుము కొట్లకు చేరిపోయాయి. మమకారం ఒక్కటే కాపలా కాస్తే, అది ఉన్న తరంతోనే వస్తువు కూడా పోతుంది. తలచుకునేవారు లేకపోయినా నిలబడగలిగినదేదో ఇప్పుడే గుర్తిస్తే, దాన్ని దాచే పని మీ తరం చేపట్టగలదు.

కాబట్టి మీరే ఒక పరీక్ష చేయండి. ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో పాత యంత్రం ఉంటే అడిగి తీసుకోండి. వీలైతే ట్యూబు టీవీకే తగిలించండి, ఎందుకంటే కొత్త టీవీ మీట నొక్కినదాన్ని ఆలస్యంగా చూపి పాత ఆటకు అన్యాయం చేస్తుంది. ఆ ఆటలు ఎన్నడూ చూడని అయిదుగురు పిల్లలను పిలవండి. పేరున్న ఆటలు మూడు, పేరులేనివి మూడు పెట్టండి. పెద్దలెవరూ పక్కన నిలబడి పొగడకూడదు. ఎవరు ఏ ఆటను ఎంతసేపు ఆడారో, ఓడిన తరువాత తమంతట తాము మళ్లీ మొదలుపెట్టారో లేదో రాసుకోండి. మర్నాడు మళ్లీ ఏది అడిగారో కూడా రాయండి.

ఆ కాగితాన్ని మీ నాన్నగారికో, మేనమామకో చూపించండి. వారి జ్ఞాపకం కొన్నిచోట్ల ఓడుతుంది, కొన్నిచోట్ల గెలుస్తుంది. గెలిచినచోట అది వారి మమకారం కాదు, ఆ ఆట సత్తా అని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.