ముద్దయీ ఎవరు, ముద్దాయి ఎవరు?

మన ఇళ్లలో కొన్ని బహస్‌లు ఎప్పటికీ తేలవు. బిర్యానీలో ఆలూ ఉండాలా వద్దా అన్నది ఒకటి. టీవీలో వచ్చిన జాసూసీ సీరియళ్లలో ఏది గొప్ప అన్నది ఇంకొకటి. మా మామూజాన్‌కు కరంచంద్ తర్వాత ఏదీ ఆనదు. ఆపాకు బ్యోంకేశ్ బక్షీ. తమ్ముళ్లకు సీఐడీ. ఖాలాకు క్రైమ్ పెట్రోల్, అది చూసిన రాత్రి తలుపు గొళ్లెం రెండుసార్లు తడిమి చూసుకుంటుంది. బెంజ్ సర్కిల్ పక్కన పటమటలో ఉన్న మా ఇంట్లో ఈద్‌కు అందరూ చేరితే, షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యేలోపు ఈ మాట రాక మానదు. పసంద్ ఎవరిది వాళ్లది. కానీ ఈ సీరియళ్ల తారీఖ్ చూస్తే (తారీఖ్ అంటే ఇక్కడ తేదీ కాదు, చరిత్ర) వాటి మధ్య తేడా పసంద్ ఒక్కటే కాదనిపిస్తుంది.

టీవీ రాకముందే మన దగ్గర జాసూస్‌లకు కొదవ లేదు. 1952లో అలహాబాద్ నుంచి ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ మొదలైంది. ఇన్‌స్పెక్టర్ ఫరీదీ, సార్జెంట్ హమీద్ జోడీని ఉర్దూ చదివే ఇళ్లు తమ వాళ్లలా చూసుకున్నాయి. ఇక్కడ తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. తర్వాత మధుబాబు షాడో. మా దాదాజాన్ ఫరీదీని చదివితే అబ్బాజాన్ యుగంధర్‌ను చదివారు. ఒకే ఇంట్లో రెండు లిపులు, పని మాత్రం ఒకటే: ఖాతిల్ ఎవరో చివరి పేజీ కంటే ముందే పట్టుకోవడం.

1985లో దూరదర్శన్‌లో కరంచంద్ వచ్చాడు. పంకజ్ కపూర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని క్యారెట్ నములుతూ కేసు విప్పేవాడు. పక్కన కిట్టీగా సుస్మితా ముఖర్జీ. ఆ రోజుల్లో మొహల్లాలో టీవీ ఉన్న ఇల్లు అందరిదీ. తెలుగువాళ్లు కూడా వచ్చి చాప మీద కూర్చునేవారు, “ఏమన్నాడు, ఏమన్నాడు?” అని మన పిల్లల్ని అడిగేవారు. దఖ్నీ మాట్లాడే పిల్లలు ఆ అరగంట తర్జుమా చేసేవారు. హిందీ రాని పక్కింటి అత్తయ్య ఎదుట మనకూ కొంచెం ఇజ్జత్ దొరికిన అరగంట అది. కథలు మాత్రం తేలిక. మామూజాన్ ఈ మాట వింటే నొచ్చుకుంటారు గానీ, అక్కడ మనకు గుర్తున్నది క్యారెట్టే, కేసు కాదు.

బ్యోంకేశ్ బక్షీ సంగతి వేరు. శరదిందు బందోపాధ్యాయ 1930లలో బెంగాలీలో మొదలుపెట్టిన కథలను బాసు చటర్జీ 1993లో టీవీకి తెచ్చారు. రజిత్ కపూర్ బ్యోంకేశ్, కె.కె. రైనా అజిత్. ధోతీ కట్టుకుని, టీ తాగుతూ, తక్కువ మాట్లాడే మనిషి. తనను డిటెక్టివ్ అంటే నచ్చదు, సత్యాన్వేషి అంటాడు. ఆ పదాన్ని మనకు తర్జుమా చేయక్కర్లేదు. అతను ఎవరి మీదా చెయ్యెత్తడు. ఇంటికి వెళ్తాడు, నౌకర్లతో సహా అందరి మాటా వింటాడు, గోడ మీద గుర్తు చూస్తాడు, తిరిగొచ్చి ఆలోచిస్తాడు. శక్ ఉన్న మనిషి దగ్గర మొదలుపెట్టి సబూత్ వెతకడు. సబూత్ దగ్గర మొదలుపెట్టి మనిషి దాకా నడుస్తాడు. ఆ వెంటనే 1994లో విజయ్ ఆనంద్, సౌరభ్ శుక్లాలతో ‘తహ్కీకాత్’ వచ్చింది. పేరు మన జబాన్‌దే, బాగానే ఉండేది కూడా. తెలుగులో ఈటీవీ ‘అన్వేషిత’ ఇళ్లను భయపెట్టింది. అచ్యుత్, యమునల కోసం మగ్రిబ్ తర్వాత ఎవరి పనులు వాళ్లు త్వరగా ముగించుకున్న రోజులున్నాయి.

ఇక సీఐడీ. 1998 జనవరిలో సోనీలో మొదలై 2018 దాకా సాగింది, 1500కు పైగా ఎపిసోడ్‌లు. 2024 డిసెంబరులో మళ్లీ వచ్చింది. బి.పి. సింగ్ మామూలు మనిషి కాదు, 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ను ఒకే షాట్‌లో తీశాడు. ఏసీపీ ప్రద్యుమ్న్‌గా శివాజీ సాటమ్ వేళ్లు తిప్పడం, దయా తలుపులు విరగ్గొట్టడం, లేబొరేటరీలో డాక్టర్ సాళుంఖే నిమిషంలో జవాబు చెప్పడం, ఇవన్నీ పిల్లలకు పండగ. నాకు అడ్డుపడేది చివరి అయిదు నిమిషాలు. శక్ ఉన్న మనిషిని కూర్చోబెడతారు. ఒక చెంపదెబ్బ. అతను అన్నీ ఒప్పుకుంటాడు. కేసు ఖతం.

సీఐడీ మొదలవడానికి పదమూడు నెలల ముందే, 1996 డిసెంబరులో, సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో పోలీసు కస్టడీ మీద పెద్ద ఫైసలా ఇచ్చింది. అరెస్టు చేసేవాళ్లు తమ పేరు కనిపించేలా పెట్టుకోవాలి, మెమో రాసి సాక్షితో సంతకం చేయించాలి, బంధువులకు ఖబర్ చేయాలి అంది. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అంతకంటే చాలా పాతది: పోలీసు ముందు చేసిన ఇఖ్రార్ నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఆ మాట నిలిచింది. అంటే దయా చెంపదెబ్బతో తేలిన కేసు కోర్టు గుమ్మం కూడా దాటదు. మరి ఇరవై ఏళ్లు మనం చప్పట్లు కొట్టింది దేనికి?

క్రైమ్ పెట్రోల్ నిజంగా జరిగిన కేసులే చూపిస్తుంది కాబట్టి కొంత మేలు. తెలుగులో ఈటీవీ ‘నేరాలు ఘోరాలు’, టీవీ9 ‘వారెంట్’ వచ్చాక నేరం రాత్రి భోజనంతో పాటు వడ్డించే వస్తువైంది. పోలీసులు ముసుగేసి నిలబెట్టిన మనిషిని చూసి, చేతిలో రొట్టె ముక్క పట్టుకునే మనం ఫైసలా చెప్పేస్తాం.

ఇక్కడ ఒక లఫ్జ్ గురించి చెప్పాలి. తెలుగు పోలీసు స్టేషన్ మాటల్లో సగం మన ఇంటివే. ఫిర్యాదు మన ఫర్యాద్. దర్యాప్తు దర్యాఫ్త్. ఖైదు, జామీను, వకీలు, జప్తు, హాజరు, దాఖలు, అన్నీ ఫార్సీ, అరబీల నుంచి నడిచొచ్చినవే. ఉర్దూలో ఖూనీ అంటే హత్య చేసినవాడు, తెలుగులో హత్యే. అన్నిటికంటే విచిత్రం ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. తెలుగుకు వచ్చేసరికి అది నేరం మోపబడినవాడైంది. మన ఫిఖ్హ్‌లో మొదటి పాఠాల్లో ఒకటి, సబూత్ తెచ్చే భారం ముద్దయీ మీద ఉంటుందని. తెలుగు వార్తలు చూసే అలవాటులో ఆ భారం కూడా పేరుతో పాటే ముద్దాయి నెత్తికి మారిపోయింది.

ఇది మాటల సరదా అనుకుంటే, మన పక్కనే జరిగింది గుర్తు చేసుకోండి. 2007 డిసెంబర్ 27, ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్. ఫార్మసీ చదువుతున్న తెనాలి అమ్మాయి, మన బిటియా. పేరు రాయను, మీ అందరికీ తెలుసు. 2008 ఆగస్టులో ఒక పేద దళిత యువకుణ్ని అరెస్టు చేసి, ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. కడుపు కోత పడ్డ అమ్మీ అబ్బాలే మొదటి నుంచీ అతను కాదన్నారు. ముద్దాయి బేగునా అని ముద్దయీలే గవాహీ ఇచ్చినట్టు. ఎంతమంది విన్నారు? 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్యకు ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలి ఖబ్రస్తాన్‌లో ఆ బిటియా ఖబర్ తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ తల్లిదండ్రులు ఆ మట్టి దగ్గర ఎలా నిలబడ్డారో నాకు ఊహకు అందదు.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తలెత్తితే కెమెరాలే కనిపిస్తాయి. కెమెరా బండి నంబరు చెప్తుంది, లోపల కూర్చున్నవాడి గుండెలో ఏముందో చెప్పదు. దానికి మనిషే కావాలి, తొందర లేని మనిషి. అందుకే నా ఓటు ఆపాకే.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ బ్యోంకేశ్‌ను మళ్లీ వేసినప్పుడు మా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొదటి రోజు ఆవలించారు. మూడో నాలుగో రోజున చిన్నది అడిగింది, “అబ్బా, కొట్టకుండానే ఎలా తెలుసుకున్నాడు?” రిమోట్ పక్కన పెట్టి, ఎపిసోడ్ మొదటి నుంచి ఎవరెవరు ఏం చెప్పారో ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టాం.